గార పట్టిన పిలుపు

4వ తేదీ, సోమవారం

ఈ పని పుస్తకంలో ఇంటి నంబరు, గీజరు కొలత, గార మందం మాత్రమే రాయమని మేస్త్రీ బసవపున్నయ్య గారి ఆర్డరు. ఆరో తరగతిలో బడి మానేసినవాడికి పుస్తకం చేతికిస్తే ఊరుకుంటాడా? అన్నీ రాస్తాను. ఆయన ఎలాగూ అంకెలు తప్ప చదవడు.

ఇవాళ ఏడు ఇళ్లు. మొదటిది యలమంద వాళ్లది. వాషింగ్ మెషిన్ తిరగడం మానేసి పది రోజులైందట. మూత తీస్తే లోపల సున్నపు బట్టీలా ఉంది. ఒక మేజోడు డ్రమ్ముకి అతుక్కుపోయి రాయైంది. ఉలి పెట్టి ఊడగొట్టి, "మీ తాతగారి విగ్రహం యలమందా, పాదం వరకే దొరికింది" అని చేతిలో పెట్టాను. వాడు నవ్వలేదు. రాయైన మేజోడు వాడి ఒక్కగానొక్క జతలోదట.

రెండో ఇంట్లో కెటిల్. ఆ ఇంటి అత్తగారు పోయి ఏడాదైంది. టీకి నీళ్లు పెట్టినప్పుడల్లా కెటిల్ లోంచి ఆవిడ "చక్కెర తక్కువెయ్యవే" అని కసురుతూనే ఉంది. కోడలు చంద్రకళ కడిగించుకుందామని తనే పిలిచింది. తీరా ఆఖరి కాపు విన్నాక కళ్లు తుడుచుకుని, "ఇంకో నెల ఉండనీలే అన్నా" అంది.

మా కాలనీ నీళ్లు నాలుగు వేల అడుగుల కింద నుంచి వస్తాయి. వాన నీళ్లు నా పెళ్లిలో చూశాను, మళ్లీ చూడలేదు. గ్లాసు రెండు రోజులు తోమకపోతే పాలు పోసినట్టు తెల్లబడుతుంది. సబ్బు రుద్దితే నురగ రాదు, చర్మం ఊడుతుంది. అదంతా అలవాటైపోయింది. అలవాటు కానిది ఒకటే. ఈ నీళ్లు కాగేటప్పుడు పక్కన ఏం మాట్లాడితే అది గారలో గడ్డ కడుతుంది. మళ్లీ కాగినప్పుడు పైపొర పలుకుతుంది. అందుకే కడిగే ముందు ఇంటివాళ్లను కూర్చోబెట్టి చివరిసారి నీళ్లు కాచి వినిపిస్తాం. అది ఆఖరి కాపు. గార తీసేవాళ్లకు ఇంకో కట్టుబాటు కూడా ఉంది. నీళ్లు వేడి మీద ఉండగా నోరు విప్పకూడదు.

ఏడో ఇల్లు సలోమక్కది. దానేలు బావ పోయి తొమ్మిది నెలలు. మా మధ్య రక్త సంబంధం లేదు. ఇరవై ఏళ్లుగా పక్క పక్క వీధులు, అంతే. అక్కా బావా అనేది నోటికి పట్టిన అలవాటు. బావ నేనేం చేసినా పడీ పడీ నవ్వేవాడు, అందుకని నాకు ఇష్టం.

అక్క తలుపు సగమే తీసింది.

"ఏందిరా సైదా, అప్పుడే వచ్చావా?"

"అప్పుడే ఏందక్కా, నీ గీజరు చూసి ఐదు నెలలైంది, కడిగి ఏడాది దాటింది."

"బానే ఉందిలే. పో."

"చూసి పోతా. చూస్తే అరిగిపోద్దా?"

స్నానాల గదిలోకి వెళ్లాను. గీజరు పొట్ట చుట్టూ ముడులేసిన నూలు దారం చుట్టి కొలుస్తాం మేం. ముడి మీద ముడి పడాలి. ఇవాళ ముడికీ ముడికీ మధ్య రెండు వేళ్లు పట్టాయి. ఇనుప పొట్ట ఉబ్బింది. ఆవిరి పోయే మూత గారతో పూడుకుపోయింది. లోపల కాయిల్ కాలుతోంది కానీ ఆ వేడి నీళ్లకు సరిగ్గా చేరడం లేదు. కిందటి నెల ఐదో లైన్లో ఇలాంటిదే పేలి గోడ పడిపోయింది.

ఇది పేలుతుంది అని చెప్పబోయాను. నోటికి అడ్డంగా వేలు పెట్టి అక్క నన్ను ఆపింది. నీళ్లు కాగడం మొదలైంది. ముందు గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడు. తర్వాత లోపలి నుంచి మగ గొంతు.

"సలోమీ... ఒకసారి రా."

అక్క గుమ్మంలో నిలబడి కళ్లు మూసుకుంది.  కాలనీ మొత్తంలో ఆ గొంతు ఎవరిదో చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. అది దానేలు బావది కాదు. నాది.

5వ తేదీ, మంగళవారం

గొంతులు తీయడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. కాలనీ సెక్రటరీ గారు ముక్కుతో చేసే ప్రకటనలు ఆయనకన్నా నేనే బాగా చేస్తానని అంటారు.

ఐదు నెలల కిందట గీజరు చూడటానికి వెళ్లాను. బావ పోయి అప్పటికి నాలుగు నెలలు. అక్క నవ్వడం మానేసింది. వంటింట్లో పిండి కలుపుతోంది. నవ్విద్దామనిపించింది. నీళ్లు కాగుతున్నాయని తెలిసి కూడా, తలుపు చాటున నిలబడి బావ గొంతుతో పిలిచాను. పిండి చేతులతో పరుగున వచ్చింది. తలుపు వెనక ఉన్న నన్ను చూడలేదు, గీజరునే చూసింది. చాలాసేపు. నాకు నవ్వు ఆగక పెరటి దారిన జారుకున్నాను. తర్వాత ఎప్పుడో చెప్పి ఏడిపించొచ్చులే అనుకున్నాను.

చెప్పలేదు. మర్చిపోయాను. గీజరు మర్చిపోలేదు. పైపొర పలికితే దానిమీద పడే కొత్త పొర అదే మాట నేర్చుకుంటుంది. మధ్యలో ఎవరూ మాట్లాడకపోతే ఆ మాటే రోజూ తిరిగి తిరిగి వస్తుంది. అక్క ఆ గదిలో ఐదు నెలలుగా దగ్గడం కూడా లేదట.

ఇవాళ చెప్పేద్దామని వెళ్లాను. కూర్చోబెట్టి జొన్నరొట్టె పెట్టింది. నేను నోరు తెరిచేలోగా తనే మొదలుపెట్టింది.

"మీ బావ పోయిన పొద్దున నేనేడున్నానో తెలుసా నీకు?"

"మేడ మీద బట్టలు తీస్తన్నావు అన్నారు."

"తీస్తన్నా. అప్పడాల్లాగా బిగుసుకుపోయినయ్యి, ఒక్కోటి విరుస్తా తీస్తన్నా. కింద వీధిలో నువ్వు. సెక్రటరీలాగా మాట్లాడి అందర్నీ నవ్విస్తన్నావు. బట్టలొదిలేసి పిట్టగోడ మీద వాలి నవ్వుకుంటా నిలబడ్డా. ఎంతసేపో. దిగొచ్చి స్నానాల గది తలుపు తెరిపించేసరికి ఆయన నేలమీద ఉన్నాడు."

చేతిలో రొట్టె ముక్క పళ్లెంలో పెట్టాను.

"అప్పట్నుంచీ ఒకటే అనుకుంటా ఉండేదాన్ని. పిలిచాడేమో. పిలిస్తే నాకు వినపడలేదేమో. అడుగుదామంటే ఎవర్నడగాలి? ఇప్పుడు తెలిసిందిలే. పిలిచాడు. రోజూ పిలుస్తన్నాడు, విన్నావుగా నిన్న."

"అక్కా..."

"కడిగేస్తే ఆ ఒక్క మాటా పోద్ది. పేలితే పేలనీరా. నేనూ దాని పక్కనే ఉంటాలే."

  చెప్పాలనుకున్నది చెప్పకుండానే రొట్టె తినేసి వచ్చాను.

7వ తేదీ, గురువారం

దారం ముడుల మధ్య మూడు వేళ్లు.

బసవపున్నయ్య గారు పుస్తకంలో అంకె చూసి కుర్చీలోంచి లేచారు.

"ఏమయ్యా, దీన్ని పెట్టుకుని మూడు రోజుల నుంచి ఏం చేస్తున్నావు?"

"ఆమె ఒప్పుకోవడం లేదు మేస్త్రీ."

"ఒప్పుకోకపోతే? పక్కింటి గోడ ఈ ఇంటి గోడ ఒకటే. అవతల పిల్లలున్నారు. పదో తేదీ మధ్యాహ్నం లోపల నువ్వు కడగకపోతే నేనే యాసిడ్ డబ్బా పట్టుకుని వస్తా."

యాసిడ్ పొరలు చూడదు. పైన ఉన్న నా పిలుపూ, దాని కింద ఎక్కడో ఉన్న ఆ పొద్దుటి మాటా, ఒకే నురగలో కాలవలోకి పోతాయి. నిజంగా బావ పిలిచాడా లేదా అన్నది ఇంకెవరికీ ఎప్పటికీ తెలియదు. అక్క మిగతా బతుకంతా నా గొంతునే నమ్ముకుని, పిలిస్తే రాని ఆడదాన్ని నేను అనుకుంటూ ఉంటుంది.

చెప్పాలి.

8వ తేదీ, శుక్రవారం

కరెంటు తీసేసి, గీజరు చల్లారిందాకా ఆగాను. అక్కని గదిలోకి పిలిచాను.

"ఆ పిలిచింది బావ కాదక్కా. నేను."

నవ్వింది. తొమ్మిది నెలల్లో మొదటిసారి.

"నేను కడగనివ్వలేదని ఇన్ని వేషాలా? నువ్వు చెప్పే మాటల్లో ఎన్ని నిజమయ్యాయిరా ఇప్పటిదాకా? మా కోడి సెక్రటరీ మీద కేసు పెట్టిందన్నావు. నీటిపన్ను కట్టినోళ్లకి రెండో పెళ్లి ఉచితమన్నావు."

"ఇది నిజం."

"పో రా."

వేరే దారి లేకపోయింది. గోడ వైపు తిరిగాను, అక్క మొహం చూస్తూ తీయలేక. "సలోమీ... ఒకసారి రా" అన్నాను.

 తిరిగి చూస్తే అక్క గోడకు ఆనుకుని కిందికి జారుతోంది. చేయి అందించబోయాను. ఆ చేయి పక్కకు నెట్టి, లేచి నా నోటి మీద అరచేయి పెట్టి అదిమింది. ఆ అరచేయి ఉప్పు కాగితంలా గరుకుగా ఉంది.

"ఇంకోసారి ఆ గొంతు తియ్యబాకు. నా ఇంట్లోనే కాదు, ఏడా తియ్యబాకు."

తలూపాను. చేయి తీయలేదు.

"నేను ఐదు నెలలు పస్తులున్నాను తెలుసా? పిలిస్తే పోని నోటికి కూడెందుకని. పొద్దున ఒక్క పూట తినేదాన్ని. నువ్వు వీధిలో నవ్విస్తానే ఉన్నావు."

అప్పుడు చేయి తీసింది. నేను ఏడ్చానని రాయడానికి సిగ్గుగా ఉంది కానీ ఏడ్చాను. అక్క ఏడవలేదు. గీజరు వైపు చూస్తూ అడిగింది.

"మరి ఆయన పిలిచాడా? పిలవలా?"

"తెలియదక్కా. కింద పొరల్లో ఉంటది."

"యాసిడ్ పోస్తే?"

"పోద్ది. నేను యాసిడ్ పొయ్యను. కాయిల్ బయటికి తీసి, పులిసిన గంజి పట్టించి పొర పొరా ఊడదీస్తా. బిందెలో కాచి ఒక్కోటి విందాం. కానీ గాలి తగిలిన పొర ఒక్కసారే పలుకుద్ది. ఆరగానే రాలిపోద్ది. మళ్లీ వినాలన్నా ఉండదు."

అక్క లేచి వంటింట్లోంచి ఖాళీ కుండ తెచ్చి ముందు పెట్టింది.

"గంజి నేను పులియబెడతా. నీ చేత్తో తెచ్చింది నాకొద్దు."

9వ తేదీ, శనివారం

గీజరు మూత విప్పడానికే గంటన్నర పట్టింది. కాయిల్ కనపడలేదు. నా మణికట్టంత లావు గార దాని చుట్టూ. తెల్లగా, చారలు చారలుగా, కోసిన ఉల్లిపాయలా.

పై నుంచి ఐదు నెలలవీ నా పొరలే. గంజిలో నానబెట్టి గోటితో లేపితే రేకులుగా వచ్చాయి. కాచాల్సిన పని లేదు, విరిచి పక్కన పడేశాను. అక్క ఆ రేకుల్ని చీపురుతో ఊడ్చి కాలవలోకి తోసింది. చీపురు అంత గట్టిగా ఎవరూ ఊడవడం నేను చూడలేదు.

ఆ కింద నుంచి కాచి వినడం మొదలుపెట్టాం. మొదట పలికింది అక్కే.

"చెప్పాపెట్టకుండా పోతావా? కరెంటు బిల్లు ఏడ పెట్టావో ఎవడు చెప్తాడు నాకు? పెద్ద మగోడివి బయల్దేరావు."

అక్క ఉలిక్కిపడింది. "అది నేనే. తీసెయ్."

తీశాను. కింది పొర కూడా అదే తిట్టు, ఇంకో రకంగా. దానికింద ఇంకోటి. బావ పోయాక నాలుగు నెలలు స్నానం చేసేటప్పుడల్లా ఆయన్ని తిట్టుకుంటూ చేసింది. ఒక పొరలో మధ్యలో పాట కూడా ఉంది, అది ఆగిపోయి మళ్లీ తిట్టు.

"తొందరగా తీసెయ్ రా, ఏం వింటన్నావు అట్టా?"

"బాగా తిడతావక్కా."

అక్క మూతి దగ్గర ఏదో కదిలినట్టే కదిలి ఆగింది. నన్ను క్షమించిందని కాదు. అది నాకు తెలుసు.

సాయంత్రానికి ఏడుపుల పొరలు వచ్చాయి. ఆ రోజు ఆ గోలలో కింది పొర పలికినా ఎవరికీ వినపడి ఉండదు. బంధువులు. పాస్టరు గారి ప్రార్థన. ఎవరో పెద్దావిడ, ఈ ఇంట్లో తువ్వాళ్లు కూడా సరిగ్గా లేవని గొణగడం. అక్క ఒక్కొక్కరినీ గొంతుతోనే గుర్తుపట్టి పేరు చెప్పింది. మిగిలిన గార నా చిటికెన వేలంత మందం. ఇంక ఆపుదామంది. ఆ తర్వాతి పొర ఏదో ఇద్దరికీ తెలుసు. కాయిల్ ఆరకుండా రాత్రికి చన్నీళ్ల బకెట్లో ముంచాం.

10వ తేదీ, ఆదివారం

ఎనిమిది గంటలకే బసవపున్నయ్య గారు యాసిడ్ డబ్బాతో దిగారు. మొన్నే కరెంటు తీశాం, నిన్న కాయిల్ ఊడదీశాం, ఇంక పేలేది లేదు అని చెప్పినా వినలేదు. చుట్టూ చూసి, "ఏమిటమ్మా ఈ గంజి వాసన, ఇది గీజరా, గంజి కేంద్రమా" అని మొదలుపెట్టారు.

"అయ్యా, నోరు మూసుకుని కూర్చుంటానంటే కూర్చో. లేదా బయట నిలబడు" అంది అక్క. ఆయన డబ్బా కింద పెట్టి గుమ్మంలో కూర్చున్నారు.

ఇత్తడి బిందెలో నీళ్లు పోసి కాయిల్ దించాను. వైరు తగిలించాను. అక్క బిందె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఇది ఒక్కసారే అని మళ్లీ చెప్పాలనుకున్నాను. నీళ్లు వేడెక్కడం మొదలైంది. నోరు మూసుకున్నాను.

గులకరాళ్ల చప్పుడు. తర్వాత బావ.

మాట కాదు ముందు. కూనిరాగం. శృతి లేని ఆ రాగం వినగానే అక్క చేయి నోటి మీదికి పోయింది. ఒంటిమీద నీళ్లు పడిన చప్పుడు. "ఈ దిక్కుమాలిన నీళ్లకి సబ్బు ఒకటి దండగ" అన్నాడు. మళ్లీ రాగం.

అప్పుడు దూరంగా నా గొంతు వచ్చింది. సెక్రటరీలా ముక్కుతో. "కాలనీ వాసులకు ముఖ్య గమనిక..." ఆ వెనకే జనం నవ్వులు. గుమ్మంలో బసవపున్నయ్య గారు నా వైపు చూసి, మళ్లీ బిందె వైపు చూశారు. ఆ నవ్వులన్నిటి మీదా పై నుంచి ఇంకో నవ్వు. గిలక మీద చేద జారినట్టు, ఆగకుండా. సలోమక్క నవ్వు అలా ఉండేదని నేను మర్చిపోయాను.

బావ రాగం ఆపాడు. విన్నాడు. ఎంతసేపు విన్నాడో, అంతసేపూ నీళ్లు పోసుకున్న చప్పుడు లేదు. తర్వాత, ఎవరితోనూ కాదు, తనలో తనే అన్నట్టు,

"నవ్వుతుంది పిచ్చిది" అన్నాడు.

ఊపిరి పీల్చాడు. అది పూర్తిగా లోపలికి పోలేదు. చెంబు కిందపడి దొర్లింది. దొర్లి దొర్లి ఆగింది. నీళ్లు కారుతూనే ఉన్నాయి. పైన నవ్వు వస్తూనే ఉంది. నేను చెవులు రిక్కించి ఒక్క పేరు కోసం చూశాను. ఒక్క అక్షరం కోసం. నీళ్లు. నవ్వు. నీళ్లు. చాలాసేపు అంతే. తర్వాత వినిపించిన మొదటి మాట అక్కది, తలుపు బాదుతూ.

అక్కడ పొర అయిపోయింది. వైరు లాగేసి, కాయిల్ బిందె పైకి ఎత్తి పట్టుకున్నాను. నీళ్లు బొట్లు బొట్లుగా కారాయి.

"పిలవలేదక్కా" అన్నాను. నా గొంతులో సంతోషం ఉంది, నాకే వినిపించింది. "విన్నావుగా? నువ్వు రాకపోవడం కాదు. పిలవనే లేదు."

 బసవపున్నయ్య గారు తల మీది తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"నా నవ్వు విన్నాడు" అంది అక్క.

"విన్నాడు. సంతోషంగానే పోయాడక్కా."

"నేను నవ్వుతున్నాననా పిలవలా?"

"టైము లేకపోయి ఉంటది. ఒక్క క్షణంలో..."

"ఉందిగా టైము. మాట అన్నాడుగా." నా వైపు తిరిగింది. "నవ్వుతుంది పిచ్చిది అని అంత మాట అన్నోడు, సలోమీ అని ఒక్క మాట అనలేడా? నొప్పి అప్పటికే వచ్చిందా, ఇంకా రాలేదా? చెప్పరా. గొంతులన్నీ తెలిసినోడివిగా. ఆ గొంతులో నొప్పి ఉందా?"

ఉందో లేదో నాకు నిజంగా తెలియలేదు. ఇరవై ఏళ్లు ఆ గొంతు తీసినవాణ్ణి, నాకు తెలియలేదు. మళ్లీ వింటే చెప్పగలనేమో.

నా చేతిలో కాయిల్ ఆరిపోతోంది. గార మీద సన్నని గీత పడింది. పొర అంచు లేచి, ముడుచుకుని, రాలి బిందెలో పడింది. పడగానే నీళ్లు విరిగిన పాలలా తెల్లబడ్డాయి.

అక్క రెండు చేతులూ బిందెలో పెట్టి వెతకడం మొదలుపెట్టింది. నీళ్లు ఇంకా పొగలు కక్కుతున్నాయి. "అక్కా, తియ్యి" అని అరిచాను. తియ్యలేదు. బసవపున్నయ్య గారు ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని లాగితే తప్ప రాలేదు. బయటికి వచ్చిన రెండు పిడికిళ్లూ గట్టిగా మూసి ఉన్నాయి. వేళ్ల సందుల్లోంచి తెల్లనీళ్లు కారుతున్నాయి.